ఆరో గడి, తొమ్మిదో గడి

పెలాగియాకు దున్నగడ్డి పెరిగే చోటు చూపించింది ఆమె అత్త అహాఫియా. కన్నకూతురు రయిసా కంచె అవతలి ఇంట్లోనే కాపురం ఉంటున్నా, ఆమెను కాదని కోడల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. అందుకు ముసలావిడ చెప్పిన కారణం ఒక్కటే. "నా కూతురి నోట్లో నువ్వుగింజ నానదు. దానికి చూపిస్తే సాయంత్రానికల్లా ఊరందరూ కొడవళ్లతో అక్కడే ఉంటారు." ఈ మాట కోడలి చెవిలో అని ఊరుకుంటే పోయేది. ఆదివారం పూజ అయ్యాక, చర్చి మెట్ల మీద, పదిమంది ఆడవాళ్లు వింటుండగా అంది.

అది జరిగి ఇరవై నాలుగేళ్లయింది. అహాఫియా పోయి కూడా పద్దెనిమిదేళ్లు దాటింది. తల్లి అంత్యక్రియలు కాగానే రయిసా పుట్టింటికి రావడం మానేసింది. మాటలు మాత్రం మానలేదు. మానేసి ఉంటే పెలాగియాకు ప్రాణం హాయిగా ఉండేది. జూన్ నెలలో పెలాగియా సైకిలుకు గోనెసంచులు కట్టుకుని బయలుదేరడం చూస్తే చాలు, కంచె మీంచి ఒక మాట వచ్చి పడేది.

"ఏం వదినా, నిధి తవ్వడానికేనా?"

"అవునే, కడవ దొరికితే నీకూ ఒక పిడికెడు పెడతాలే."

"నాకెందుకమ్మా, నోరున్నదాన్ని. ఊరంతా పంచేస్తాను."

పెలాగియా భర్త మిత్రోఫాన్ ఆ సమయానికి తేనెపెట్టెల దగ్గరికి వెళ్లి ముఖం మీద జాలీ దించుకునేవాడు. ఒకవైపు పెళ్లాం, ఒకవైపు చెల్లెలు. తేనెటీగలే నయం అనేవాడు.

జాబ్రొద్ ఊరి చుట్టూ అడవే. దున్నగడ్డి ఆ అడవిలో అంతటా పెరగదు. అడవిదున్నలు ఇష్టంగా మేస్తాయని దానికా పేరు. మేస్తుండగా చూసినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు, అది వేరే సంగతి. మనుషులకు మాత్రం అది బాగా కావాలి. నీడలో ఆరబెట్టిన పోచను వోడ్కా సీసాలో వేస్తే కొత్త ఎండుగడ్డి వాసన, బాదం వాసన, ఇంకేదో తీపి వాసన కలిసి వస్తాయి. పచ్చిగా ఉన్నప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నా అంతగా తెలియదు. వాడిపోవడం మొదలయ్యాకే దాని గుణం బయటపడుతుంది.

ఓక్ చెట్లూ పైన్ చెట్లూ కలిసి పెరిగి, వాటి కింద ఎండ మచ్చలు మచ్చలుగా పడే చోటే దానికి ఇష్టం. బయలు మైదానంలో పెడితే మిగతా గడ్డి దాన్ని తొక్కేస్తుంది. చిక్కటి నీడలో పెడితే సన్నబడి సన్నబడి పోతుంది. మంచు కరిగీ కరగకముందే, పైన చెట్లు ఆకు తొడిగేలోపే, ఏప్రిల్‌లో గబగబా పూసేసి ఆ పని ముగించుకుంటుంది. ఆ తర్వాత పొడుగాటి ఆకులు సాగుతాయి. ఒక పక్క నిగనిగలాడుతూ, రెండో పక్క కాంతి లేకుండా ఉంటాయి. తెలియనివాళ్లు పక్కనున్న మామూలు గడ్డిని కోసుకుని సంచి నింపుకుంటారు. తెలిసినవాళ్లు పోచను వేలి మీద తిప్పి చూస్తారు. దుబ్బును పీకితే మళ్లీ రాదు. నేలకు నాలుగు వేళ్ల ఎత్తున కోస్తే ఎన్నేళ్లయినా వస్తుంది. ఎముకలు కొరికే చలిలో, నాలుగు నెలలు మంచు కింద పడి ఉన్నా చావదు.

ఇదంతా పెలాగియాకు అత్త దగ్గర తెలిసింది. ఎన్నేళ్లయినా వస్తుందన్న మాటను ఆమె శిలువ మీద ప్రమాణం చేసినంత గట్టిగా నమ్మింది.

ఒక మే నెలలో అటవీ ఆఫీసువాళ్లు అగ్నిమాపక కేంద్రం హాల్లో సమావేశం పెట్టారు. గడ్డి కోతకు అనుమతి చీటీ ఉన్నవాళ్లందరూ వచ్చారు. చీటీ లేకపోయినా రయిసా కూడా వచ్చింది. ఆమె రెండేళ్ల కిందట బడి వంటశాలలో పనికి కుదిరినప్పటి నుంచి కోత మానేసింది. సమావేశం అంటే మాత్రం మానదు.

నగరం నుంచి వచ్చిన అమ్మాయి లేచి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. పేరు బోగ్నా, డాక్టర్ బోగ్నా రుత్కెవిచ్ అని అధికారి పరిచయం చేశాడు. డాక్టర్ అన్న మాట వినగానే రయిసా ముందు వరుసలోకి జరిగి కాలు చాపింది.

"డాక్టరమ్మా, ముందు నా మోకాలు చూడు. గడ్డి ఎక్కడికీ పోదు."

"నేను మనుషుల డాక్టర్ని కాదండీ. గడ్డి మీద చదువుకున్నాను."

"అలాగా! పోనీలే, మా ఆవుకైనా పనికొస్తావు."

హాలంతా నవ్వింది. బోగ్నా కూడా నవ్వింది. ఆ నవ్వు చూసే పెలాగియాకు ఆ అమ్మాయి నచ్చింది.

బోగ్నా చెప్పిన విషయం మాత్రం ఎవరికీ నచ్చలేదు. అడవిలో దున్నగడ్డి తగ్గుతోంది. కోత వల్ల తగ్గుతోందా, నీడ పెరగడం వల్ల తగ్గుతోందా తెలియదు. తెలియకపోతే ఆఫీసువాళ్లు ఊరికే కోత ఆపేస్తారు. తెలుసుకోవాలంటే మంచి చోటు ఒకటి కావాలి, ఐదేళ్లు కావాలి. "మీలో ఎవరైనా మీ చోటు చూపిస్తారా?"

జాబ్రొద్‌లో మనిషి తన పెళ్లాంతో జరిగిన గొడవైనా చెబుతాడు గాని గడ్డి చోటు చెప్పడు. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో దగ్గారు.

"నేను చూపిస్తా," అంది పెలాగియా.

మిత్రోఫాన్ తల తిప్పి చూశాడు. వెనక నుంచి రయిసా, "అబ్బో," అంది.

ఇంటికి వెళ్తూ మిత్రోఫాన్ అడిగాడు. "ఏమే, మా అమ్మ కన్నకూతురికి చూపించని చోటును ఊరూపేరూ లేని పిల్లకు చూపిస్తావా?"

"చూపిస్తే ఏమవుతుందయ్యా? ఇరవై ఏళ్ల బట్టి కోస్తున్నా. తగ్గిందా? ఆ పిల్ల లెక్కపెట్టి కాగితం మీద రాస్తే, ఇక మన జోలికి ఎవరూ రారు."

ఆమె లెక్క అది. పంతమూ కొంత ఉంది.

వంతెన దాకా సైకిళ్ల మీద వెళ్లి, అక్కడి నుంచి వాగు గట్టు పట్టుకుని అరగంట నడిస్తే ఆ చోటు వస్తుంది. బోగ్నా అక్కడ సామాను దించి, మోకాళ్ల మీద కూర్చుని, గడ్డిని చేత్తో నిమిరింది. తర్వాత తాడు, మేకులు తీసి మీటరు పొడుగు మీటరు వెడల్పు గడులు తొమ్మిది కొలిచింది. ఒక్కో గడికి నాలుగు మూలలా కర్రమేకులు కొట్టి వాటి మీద అంకెలు రాసింది.

"ఒకటి, నాలుగు, ఏడు, ఈ మూడింటిని ఏటా కోయండి. రెండు, ఐదు, ఎనిమిది, వీటిని ఏడాది విడిచి ఏడాది. మూడు, ఆరు, తొమ్మిది, వీటిని మాత్రం ముట్టుకోకండి, పెలాగియా గారూ."

"కోయకూడదు, అంతేగా?"

"కోయకూడదనే కాదు. ఏమీ చేయకూడదు. ఆకు రాలితే రాలనివ్వండి, మొక్క మొలిస్తే మొలవనివ్వండి. మనుషులు అడుగుపెట్టకపోతే ఏమవుతుందో అక్కడ చూడాలి."

"సరే. ఏమీ చేయకుండా ఉండటం ఎవరికి చేతకాదు?" అంది పెలాగియా.

బోగ్నా ఏటా జూన్‌లో వచ్చి వారం రోజులు వాళ్లింట్లోనే ఉండేది. పగలంతా గడుల పక్కన బోర్లా పడుకుని ఒక్కో పోచనూ లెక్కపెట్టేది. దోమలు మెడ మీద గుంపు కట్టేవి. పెలాగియా పక్కన కూర్చుని కొమ్మతో దోమలు తోలుతూ, పిల్ల చెప్పిన అంకెను పుస్తకంలో రాసేది. తన చోటును ఇన్నేళ్లు చూసిందిగాని, ఒక గడిలో ఎన్ని పోచలుంటాయో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టలేదు. మొదటి ఏడు ఏ గడిలో చూసినా నూట ఎనభైకి అటూ ఇటూగా ఉన్నాయి. మధ్యాహ్నం ఇద్దరూ రొట్టె, ఉప్పు పట్టించిన పందికొవ్వు, పచ్చి ఉల్లిపాయ తినేవాళ్లు. సాయంత్రం మిత్రోఫాన్ బంగాళాదుంప తురుముతో చేసిన బాబ్కాను పొయ్యిలోంచి తీసి పెట్టేవాడు. బోగ్నాకు అమ్మ లేదు. ఆ సంగతి రెండో ఏడు గాని చెప్పలేదు. చెప్పినప్పటి నుంచి పెలాగియా ఆమె పళ్లెంలో అడక్కుండానే రెండో ముక్క వేసేది.

మొదటి ఏడు జూలైలో ఒక గాలివాన వచ్చింది. పురుగు పట్టి ఎండిపోయిన పెద్ద స్ప్రూస్ చెట్టొకటి వాగు పక్కన కూలింది. దాంతో అక్కడ ఎండ పెరిగింది. ఎండ పెరిగేసరికి రాస్ప్‌బెర్రీ ముళ్లపొద వేళ్లు పాకించుకుంటూ లోపలికి వచ్చింది. చిక్కటి నీడనిచ్చే గ్రాబ్ చెట్ల గింజలు పడి, జానెడు జానెడు మొక్కలు వత్తుగా లేచాయి. కోసే గడుల్లో కొడవలి తిరుగుతుంది కాబట్టి అవి నిలవలేదు. ముట్టుకోని గడుల్లో మాత్రం దున్నగడ్డి పోచలు పచ్చదనం పోయి పసుపు తిరిగాయి.

రెండో ఏడు ఆగస్టు చివర్లో పుట్టగొడుగుల కోసం వెళ్లిన పెలాగియా అది చూసింది. ఆరో గడి దగ్గర నిలబడింది. చుట్టూ ఎవరూ లేరు. బుట్ట కింద పెట్టి, వంగి, ఒక గ్రాబ్ మొక్కను పీకింది. ఒక్కటేగా అనుకుంది. ఇంకోటి పీకింది. ముళ్లపొద వేరును పట్టి లాగితే బారెడు వచ్చింది. రాలిన ఆకులను చేత్తో పక్కకు నెట్టింది. లేచేసరికి ఆరో గడి శుభ్రంగా ఉంది. పక్కనే తొమ్మిదో గడి. దానికి చేసి దీనికి చేయకపోతే ఎలా? మూడో గడి ముళ్లపొదల వెనక్కి పడిపోయింది. అక్కడికి వెళ్తే లంగా చిరుగుతుందని ఊరుకుంది.

తప్పు చేస్తున్నానని ఆమెకు అనిపించలేదు. గడ్డి కోయలేదు కదా. తొట్టిలో పసిబిడ్డ మూతి మీద ఈగ వాలితే తోలమా, అంతే అనుకుంది. అయినా బోగ్నాకు ఆ సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆలోచించుకోనూలేదు. మరుసటి వసంతంలో ఒకసారి, ఆ ఆగస్టులో ఒకసారి, ఆ తర్వాతి ఏప్రిల్‌లో ఒకసారి, మొత్తం నాలుగుసార్లు ఆ రెండు గడుల కలుపు తీసింది.

నాలుగో ఏడు జూన్‌లో బోగ్నా లెక్క మొదలుపెట్టింది. ఏటా కోసిన గడుల్లో నూట నలభై. ఏడాది విడిచి కోసినవాటిలో నూట డెబ్భై ఐదు. ఆరో గడి దగ్గరికి వచ్చేసరికి అంకె రెండు వందలు దాటింది. బోగ్నా రెండోసారి లెక్కపెట్టింది. రెండు వందల ముప్పై ఒకటి. తొమ్మిదో గడిలో రెండు వందల ఇరవై ఆరు. మూడో గడిలో మాత్రం యాభై ఎనిమిదే మిగిలాయి.

"పెలాగియా గారూ, చూశారా!" బోగ్నా మోకాళ్ల మీద లేచి కూర్చుంది. జుట్టులో ఆకులు. "ముట్టుకోకపోతే గడ్డి తనంతట తానే బాగుపడుతోంది. మూడో గడి సంగతి వేరు, అక్కడేదో తేడా ఉంది, ముళ్లపొద మరీ దగ్గరగా ఉన్నట్టుంది. దాన్ని పక్కన పెట్టొచ్చు. మిగతావి ఎంత స్పష్టంగా ఉన్నాయో చూడండి!"

పెలాగియా పెన్సిలు పుస్తకం మీద పెట్టింది.

"అంటే... ఏం రాస్తావమ్మాయ్?"

"ఉన్నదే రాస్తాను. కోత వల్లే తగ్గుతోందని. మీకు కష్టంగానే ఉంటుందని తెలుసు. కానీ లెక్క అలా వచ్చింది, నన్నేం చేయమంటారు?"

ఆ సాయంత్రం బోగ్నా ఉత్సాహంగా మిత్రోఫాన్‌కు అంతా వివరించింది. ఆయన విని, "అలాగా," అని తేనె చెంచా నాకాడు. పెలాగియా బాబ్కా ముట్టుకోలేదు. తన చోటు చూపించి ఊరందరి కోత నిలబెడదామనుకుంది. ఇప్పుడు తన చేత్తోనే అందరి కొడవళ్లూ గోడకు తగిలించేలా ఉంది. నోరు విప్పితే పిల్ల నాలుగేళ్ల శ్రమ మంటగలిసినట్టే. విప్పకపోతే ఊరు తిట్టిపోస్తుంది. కానీ అసలు భయం ఆ రెండూ కాదు. తను పెట్టిన రెండో ముక్కను నోట్లో పెట్టుకుంటూ ఆ పిల్ల తన వైపు చూసే చూపు ఇక ఉండదు.

రెండు రోజులు ఏమీ చెప్పలేదు. ఒంట్లో బాలేదంది. మూడో రోజు పెరట్లో దుప్పట్లు ఆరేస్తుంటే కంచె అవతల రయిసా వచ్చి నిలబడింది.

"ఏం వదినా, మొహం అలా పీక్కుపోయింది? గడ్డి గాని కరిచిందా?"

"పోవే, నీ పని చూసుకో."

"నా పని చూసుకుందామనే వచ్చాను." రయిసా గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గించడం పెలాగియా ఎన్నడూ వినలేదు. "ఆ పిల్ల వంటశాలకొచ్చి మా బడి హెడ్మాస్టరమ్మతో చెబుతుంటే విన్నాను. ముట్టుకోని గడులు బాగున్నాయట కదా."

"అయితే?"

"ముట్టుకోని గడులా వదినా? పోయిన ఆగస్టులో అందులో కూచుని కలుపు తీసిందెవరు? నా పుట్టగొడుగుల బుట్ట తోడు, నీ ఎర్ర రుమాలు నాకు తెలియదా?"

పెలాగియా దుప్పటిని తాడు మీద వదిలేసి కంచె దగ్గరికి వచ్చింది. ఆమెకు తట్టిన ప్రశ్న మాత్రం వేరే.

"నువ్వక్కడికెలా వచ్చావు? ఆ చోటు నీకెలా తెలుసు?"

రయిసా కంచె కర్రను గోటితో గీకింది. "నాకు పన్నెండేళ్లప్పుడు అమ్మ వెనకాలే నక్కుతూ వెళ్లి చూశాను. నాకు తెలుసని అమ్మకు తెలియదు."

"అప్పట్నించీ తెలుసా?"

"అప్పట్నించీ."

"మరి ఎప్పుడూ..."

"ఎప్పుడూ ఒక్క పోచ కోయలేదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా మరి." రయిసా నవ్వడానికి చూసింది గాని కుదరలేదు. "చర్చి మెట్ల మీద ఆవిడ అలా అన్నప్పుడు ఆ పక్కనే ఉన్నావు నువ్వు. నాకా చోటు తెలిసినా తెలియకపోయినా, 'అదేం మాట అత్తా' అని ఒక్క మాట అనలేకపోయావు."

నిజమే. ఆ రోజు పెలాగియాకు లోపల సంబరంగానే అనిపించింది. కూతురి కన్నా కోడలే నయమని పదిమందిలో వినడం తీయగానే ఉండింది. ఇరవై నాలుగేళ్లుగా ఆ తీపిని ఎవరికీ చెప్పుకోలేదు.

"తప్పే రయిసా," అంది చివరికి.

"ఆఁ. సరే. అది తర్వాత చూద్దాం. ముందు ఆ పిల్లకు చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతాననుకోకు, నేను చెప్పను. కానీ చెప్పు."

మర్నాడు ఉదయం వాగు గట్టు మీద బోగ్నా మేకులు సరిచేస్తుంటే పెలాగియా ఎదురుగా వెళ్లి నిలబడింది. కూర్చోలేదు.

"అమ్మాయ్, ఆరు, తొమ్మిది గడుల్లో నేను కలుపు తీశాను. నాలుగుసార్లు. గ్రాబ్ మొక్కలు, ముళ్లపొద, రాలిన ఆకు కూడా. మూడో గడిని ముట్టుకోలేదు. నీ లెక్కలో ఉన్నదున్నట్టు ఉన్నది మూడో గడి ఒక్కటే."

బోగ్నా ముందు నవ్వింది, హాస్యమనుకుని. తర్వాత ఆమె ముఖంలో రంగు మారింది. లేచి వాగు దాకా నడిచి, తిరిగి వచ్చింది.

"ఎందుకు చేశారు?"

"చూడలేకపోయాను."

"ఏమీ చేయొద్దని చెప్పాను కదా! కోయొద్దని కాదు, ఏమీ చేయొద్దని! మీరు సరే అన్నారు. పోయిన ఏడు ఇక్కడే కూచుని నేను లెక్కపెడుతుంటే మీ చేత్తోనే అంకెలు రాశారు. అప్పుడైనా చెప్పొచ్చుగా!" ఆమె చేతిలోని మేకును పక్కన పడేసింది. "మా ప్రొఫెసరుకు నిన్న ఫోన్ చేసి చెప్పేశాను, తెలుసా? ఎంత స్పష్టంగా వచ్చిందో అని."

పెలాగియా అన్నిటికీ తల ఊపింది. క్షమించమని అడగలేదు. అడిగితే ఆ పిల్ల క్షమించాల్సి వస్తుంది, అది ఇంకో బరువు అనుకుంది.

బోగ్నా వెళ్లి కూలిన చెట్టు మొద్దు మీద కూర్చుంది. తర్వాత పుస్తకం తెరిచి కొత్త పేజీ తీసింది. పొడిగా అడిగింది. "ఏ నెలల్లో? ఎన్ని మొక్కలు పీకి ఉంటారు? వేళ్లతో సహా వచ్చాయా, తెగాయా? ఆకు మొత్తం తీశారా, పైపైనా?"

పెలాగియా గుర్తున్నంతా చెప్పింది. గుర్తులేనిది గుర్తులేదని చెప్పింది. బోగ్నా అన్నీ రాసుకుంది. మధ్యాహ్నం దాకా పట్టింది. రొట్టె మూట విప్పలేదు.

"ఇప్పుడు ముట్టుకోని గడి ఒక్కటే మిగిలింది," అంది బోగ్నా పుస్తకం మూస్తూ. "ఒక్క దానితో ఏ మాటా చెప్పలేను. ఐదేళ్లలో ఇక మిగిలింది ఒక్క ఏడు. ముట్టుకోని నేల ఇప్పుడెక్కడ దొరుకుతుంది?"

దానికి జవాబు సాయంత్రం రయిసా తెచ్చింది. కంచె దగ్గర ఆగకుండా గేటు తీసుకుని తిన్నగా పెరట్లోకి వచ్చి, బోగ్నా ముందు నిలబడింది.

"డాక్టరమ్మా, నాకూ ఒక చోటుంది. ఓక్ దిబ్బ అవతల, మా అత్తగారిది. బడిలో పనికి చేరినప్పటి నుంచి అటు పోలేదు, ఐదేళ్లయింది. కొడవలి తగల్లేదు, కలుపు తీసే పిచ్చివాళ్లూ రాలేదు. కావాలంటే రేపు చూపిస్తా. మోకాలు నొప్పి, నెమ్మదిగా నడవాలి మరి."

మిత్రోఫాన్ తేనెపెట్టెల దగ్గర జాలీ ఎత్తి చూశాడు.

ఆ చోటు పెద్దది. ఒక పక్క ముసలి పైన్ చెట్లు రెండు కూలి ఎండ పడుతోంది, అక్కడ దున్నగడ్డి మోకాలెత్తు దట్టంగా ఉంది. ఇంకో పక్క గ్రాబ్ చెట్లు మనిషెత్తు కమ్ముకున్నాయి, అక్కడ వెతికి వెతికి చూస్తే గాని ఒక సన్నపోచ కనబడలేదు. రెంటికీ మధ్య పది అడుగుల దూరం. బోగ్నా అక్కడ పన్నెండు కొత్త గడులు కొట్టింది. ప్రొఫెసరు చీవాట్లు పెట్టి, ఇంకో రెండేళ్ల గడువు ఇచ్చాడు. ఆమెకు రావలసిన ఉద్యోగం ఆ రెండేళ్లూ వాయిదా పడింది.

ఆ రెండేళ్లూ బోగ్నా వచ్చింది, కానీ పెలాగియా ఇంట్లో దిగలేదు. రయిసా ఇంట్లో దిగింది. దారిలో కనిపిస్తే, "బాగున్నారా పెలాగియా గారూ," అని ఆగి పలకరించేది. పెలాగియా బాబ్కా ముక్కలు రెండు గుడ్డలో చుట్టి కంచె మీంచి అందించేది. బోగ్నా పుచ్చుకునేది. అంతకుమించి పోలేదు.

చివరికి నివేదిక వచ్చింది. అగ్నిమాపక కేంద్రం హాల్లోనే చదివారు. ఏటా కోస్తే గడ్డి కొంచెం కొంచెంగా పలచబడుతుంది. ఏడాది విడిచి కోస్తే నష్టమేమీ లేదు. అన్నిటికన్నా ఎక్కువ చంపేది నీడ, గ్రాబ్ చెట్ల నీడ. ఆరు, తొమ్మిది గడుల సంగతి బోగ్నా దాచలేదు. 'చేతితో కలుపు తీసిన గడులు' అని వేరే పేరు పెట్టి వేరే పట్టిక వేసింది. వాటిని చూసే ఆఫీసువాళ్లు ఒక కొత్త నిబంధన రాశారు: కోతకు అనుమతి ఉన్నవాళ్లు తమ చోట్లో గ్రాబ్ మొక్కలను చేత్తో పీకవచ్చు. కోత ఆగలేదు. ఒక్కో చోటును ఏడాది విడిచి ఏడాది కోయాలన్నారు.

హాల్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. పెలాగియా మాత్రం ఏటా కోసిన గడుల అంకె దగ్గరే ఆగిపోయింది. నూట ఎనభై నుంచి నూట ముప్పై. ఇన్నేళ్లూ ఏటా తను కోసింది అలాగే. అత్త చెప్పింది సగమే నిజం. తగ్గలేదని తను ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పింది, లెక్కపెట్టకుండానే.

"ఊరుకోవే," అన్నాడు మిత్రోఫాన్ దారిలో. "మా అమ్మ కూడా లెక్కపెట్టలేదు."

ఆ జూన్‌లో పెలాగియా చోటుకు విరామం. ఆమె అనుమతి చీటీ మీద రయిసా చోటు రాసి ఉంది. రాయించింది రయిసాయే. బడి సెలవులిచ్చిన మర్నాడు పొద్దున్నే కంచె అవతల నుంచి కేక వినిపించింది.

"వదినా, వస్తావా, లేక గుర్రబ్బండి పంపాలా?"

ఇద్దరూ ఎండ పడే వైపున పొద్దెక్కేదాకా కోశారు. రయిసా ఏడెనిమిదేళ్లుగా కొడవలి పట్టలేదు, అయినా చేయి మర్చిపోలేదు. మధ్యలో ఒకసారి పెలాగియా, "కొంచెం పైకి కోయవే, నేల తగులుతోంది," అంది. "నా చోట్లో నాకే చెబుతావా," అని రయిసా పైకే కోసింది. తర్వాత ఇద్దరూ గ్రాబ్ మొక్కలు పీకి కుప్ప వేశారు. చర్చి మెట్ల సంగతి ఎత్తలేదు. అత్త సంగతి మాత్రం వచ్చింది, ఆవిడ పాలకడవ తన్నిన ఆవును ఎలా తిట్టేదో రయిసా అనుకరించి చూపిస్తే పెలాగియా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

సంచులతో తిరిగి వచ్చేసరికి ఒక చిక్కు వచ్చింది. రయిసా ఇంటికి కొత్తగా రేకుల కప్పు వేయించారు. అటక మీద పొయ్యిలా ఉంటుంది. అక్కడ ఆరబెడితే గడ్డి కరకరలాడి వాసన పోతుంది.

"మా అటక మీద ఆరేద్దాం, అక్కడ పాత చెక్కకప్పే," అంది పెలాగియా.

రయిసా సంచి భుజాన వేసుకుని లోపలికి వచ్చింది. నిచ్చెన ఎక్కడుందో ఎవరూ చూపించనక్కర్లేదు. మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. పెలాగియా నార దుప్పట్లు పరిస్తే ఇద్దరూ గడ్డిని పలచగా ఆరేశారు. కింది నుంచి మిత్రోఫాన్ అడిగాడు, భోజనానికి ఇద్దరా ముగ్గురా అని.

"ముగ్గురు," అని అరిచింది రయిసా. "ఉప్పు తక్కువ వెయ్యన్నయ్యా, నీ చేతికి ఎప్పుడూ ఎక్కువే."